సముద్రపు గాలిపటము – పాత సామగ్రి వలని ప్రమాదములు

మన పాఠశాలలలో పాత పుస్తకమునకు గౌరవస్థానము కలదు. పై తరగతికి వెళ్లిన విద్యార్థి తన తెలుగు వాచకమును క్రింది తరగతివానికి ఇచ్చుట మన వాడుక. తమిళనాట తరతరములుగా వసించుచున్న మనకు తెలుగు పుస్తకములు సులభముగా లభింపవు కావున, ఆ వాడుక మనకు మేలే చేసినది. సైకిలు, కుట్టుమిషను, వ్రాతబల్ల మొదలగునవి చేతులు మారినంత మాత్రమున నిరుపయోగములు కావు. పొదుపు మన కుటుంబములకు పెద్దలనుండి సంక్రమించిన గుణము. దానిని విడనాడుమని మేము ఎన్నడును చెప్పము.

అయినను, ఒకరు వాడి విడిచినదానిని చౌకగా కొనుట అన్నివేళల పొదుపు కాజాలదు. కొన్ని వస్తువులలో ధర తగ్గుటతోపాటు రక్షణయు తగ్గును. అట్టి వస్తువులలో ఒకదానిని గూర్చి, అనగా సముద్రముపై మనుష్యుని లాగుకొనిపోవు గాలిపటమును గూర్చి, తల్లిదండ్రులకు తెలియజేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది మనకేల అని కొందఱు అడుగవచ్చును. కైట్‌సర్ఫింగ్ అనెడి ఈ క్రీడ నేడు మన రామేశ్వరము తీరమునకు వచ్చియున్నది. ఆ ద్వీపమునకు ఒకవైపున పాక్ జలసంధియు, మఱొకవైపున మన్నారు సింధుశాఖయు ఉండుటచేత, నైరృతి గాలి కాలమునందును, ఈశాన్య గాలి కాలమునందును ఈ క్రీడకు అనుకూలమైన నీరు లభించుచున్నది. అక్కడ నేర్పు శిక్షణశాలలు కలవు. మన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగములలో చేరి, సెలవు దినములలో సముద్రతీరములకు పోవుచున్నారు. క్రొత్త సామగ్రి వెల అధికము. కావున పాతది చౌకగా వచ్చుచున్నదనగానే యువకుల మనస్సు అటు లాగును. అప్పుడు ఇంటిలోని పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. వానిని అడుగుటకు విషయము కొంత తెలిసియుండవలెను.

క్రీడ యొక్క పుట్టుపూర్వములు

గాలిపటముచేత బరువును లాగించు ఆలోచన క్రొత్తది కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ఉపాధ్యాయుడైన జార్జ్ పోకాక్ గాలిపటములు లాగెడి బండిని నిర్మించి 1826లో దానికి పేటెంటు పొందెను. 1903లో శామ్యూల్ కోడీ అను నాతడు గాలిపటము కట్టిన పడవలో ఇంగ్లీషు ఛానెలును దాటెను. నీటిలో పడినను మునుగక, మరల పైకెగురగల పటమును ఫ్రాన్సు దేశీయులైన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అను సోదరులు కనిపెట్టి 1984లో పేటెంటునకు దరఖాస్తు చేసిరి. పటము ముందు అంచున గాలి నింపిన గొట్టము ఉండుట అందలి విశేషము. 1997 నాటికి అట్టి పటములు అంగళ్లకు వచ్చినవి. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో మార్సెయ్ సముద్రమున ఈ క్రీడకు మొదటిసారి స్థానము లభించినది.

అనగా అంగటి సరకుగా ఈ క్రీడ వయస్సు ఇంచుమించు ముప్పది సంవత్సరములు మాత్రమే. ఇంత స్వల్పకాలములో సామగ్రి నిర్మాణము పలుమారులు మారినది. ఆ మార్పులలో ముఖ్యమైనవి ప్రమాదముల నుండి నేర్చుకొన్న పాఠములు. కావుననే ఇందు వస్తువు తయారైన సంవత్సరమునకు అంత ప్రాముఖ్యము.

గాలి బలము ఎంత?

సంక్రాంతికి పిల్లలు ఎగురవేయు పటము వ్రేలిని కోయగలదేగాని మనిషిని లాగలేదు. సముద్రపు పటము వైశాల్యము సాధారణముగా 5 మొదలు 17 చదరపు మీటర్ల వఱకు ఉండును. దానికి కట్టిన సన్నని గట్టి త్రాళ్లు ఇంచుమించు 20 మొదలు 27 మీటర్ల పొడవు ఉండును. ఆ త్రాళ్లు బారు అనెడి చేతికఱ్ఱకు చేరును. చేతికఱ్ఱ నడుమనున్న వలయమును క్రీడాకారుడు తన నడుముపట్టాకు గల కొక్కెమునకు తగిలించుకొనును. పటము లాగిన లాగుడంతయు చేతులపై గాక నడుముపై పడును. కావున చేతులు విడిచినంతనే అతడు పటమునుండి విడిపోడు.

ఇచట చిన్న లెక్క చూతము. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. 12 చదరపు మీటర్ల పటమును గాలికి అడ్డముగా నిలిపితిమనుకొందము. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో దానిపై బలము సుమారు 18 కిలోల బరువునకు సమానము. 36 కిలోమీటర్ల గాలిలో అది సుమారు 73 కిలోలు. 54 కిలోమీటర్ల గాలిలో సుమారు 165 కిలోలు. ఇది స్థూలమైన లెక్క. పటము తానే ఆకాశమున వేగముగా దూసుకొనిపోవునపుడు ఈ బలము ఇంకను పెరుగును. ఒక్కసారి గట్టి గాలి వచ్చెనా, నిండు యౌవనుడైనను నేలనుండి పైకి లేచిపోవును.

కనుక ఈ క్రీడలో మొట్టమొదట తెలియవలసినది పటమును ఎగురవేయు విద్య కాదు. లాగుడును క్షణములో చంపు విద్య. పాత సామగ్రిలో కొఱతపడినది సరిగా ఇదియే.

పాతదానికి, క్రొత్తదానికి భేదము

మొదటి తరపు పటములు విల్లువలె మిక్కిలి వంగిన ఆకృతి గలవి. వానిలో కొన్నింటికి రెండే త్రాళ్లు. చేతికఱ్ఱను ముందునకు నెట్టినను లాగుడు కొంచెమే తగ్గును, లేదా తగ్గనే తగ్గదు. 2005 ప్రాంతమున బ్రూనో లెగెన్యూ రూపొందించిన మఱొక విధమైన పటము అంగళ్లకు వచ్చినది. దాని ముందు అంచునకు చిన్న త్రాళ్ల కట్టు ఉండును. వెనుక అంచు లోనికి వంగియుండును. అందుచేత చేతికఱ్ఱను విడిచినంతనే పటము గాలికి అంచు మాత్రమే చూపి, లాగుడును దాదాపు పూర్తిగా విడిచివేయును. తరువాతి పటములు ఎక్కువగా ఈ మార్గమునే అనుసరించినవి.

నేటి సామగ్రిలో రక్షణకు మూడు మెట్లు కలవు. మొదటిది, చేతికఱ్ఱను విడుచుట. రెండవది, నడుమునొద్దనున్న విమోచన సాధనమును నెట్టుట; దీనిని క్విక్ రిలీజ్ అందురు. అప్పుడు పటము ఒకే త్రాటిపై నిలిచి, జెండావలె రెపరెపలాడి, బలముడిగి పడిపోవును. మూడవది, ఆ చివరి త్రాటిని కూడ విడిచి పటమును పూర్తిగా వదలివేయుట. పూర్వపు సామగ్రిలో మొదటి మెట్టు బలహీనము. రెండవది కొన్నింట లేనే లేదు. ఉన్నవానిలోను కొన్ని, బరువు లేనప్పుడు చక్కగా విడివడి, నిజముగా లాగుచున్నపుడు బిగుసుకొనిపోవును. ఇసుకయు, ఉప్పును చేరినచో మఱింత మొరాయించును. కొన్నింటిలో విడిచిన పిమ్మటను పటము ఒక్క వెనుక త్రాటిపై గిరగిర తిరుగుచు లాగుచునే యుండును.

2002లో జర్మనీ దేశపు క్రీడాకారిణి సిల్కే గోర్ల్ట్ ఫేమర్న్ ద్వీపమునందలి పోటీల సమయమున గాలిపటము ఈడ్చుకొనిపోగా మరణించెను. ఆమె అనుభవజ్ఞురాలు. ఇట్టి దుర్ఘటనల పిదప విమోచన సాధనములపై శ్రద్ధ పెరిగినది. 2020లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్.ఓ. 21853 అను సంఖ్యతో ఈ సాధనములకు రక్షణ నియమములను, పరీక్షా విధానమును ప్రకటించినది. అంతకు పూర్వపు సామగ్రి అంతయు చెడ్డదని దీని అర్థము కాదు. అయితే ఇరువది సంవత్సరముల నాటి పటము ఎంత శుభ్రముగా, ఎంత భద్రముగా దాచబడినను, దానిలో లేని రక్షణ దానికి రాదు. పెట్టె తెఱవని పాత పటము గూడ పాత పటమే.

వయస్సుచేత కలుగు చేటు

నిర్మాణ లోపము అటుండగా, వస్తువు యొక్క శిథిలత వేఱు. పటము పాలియెస్టరు గుడ్డతో చేయబడును. ఎండచేత ఆ గుడ్డ బలము క్రమముగా నశించును. రంగు బాగుండినను, గట్టిగా లాగినచో కాగితమువలె చిరుగును. లోపలి గాలిసంచుల కవాటములను అంటించిన జిగురు వేడిచేత ఊడివచ్చును. తీరమునకు దూరముగా గాలిసంచి పగిలినచో పటము మరల ఎగురదు. గాలి భూమివైపునుండి సముద్రమువైపునకు వీచుచున్నచో, ఆ యువకుడు నడిసముద్రమునకు కొట్టుకొనిపోవును.

త్రాళ్లు వాడుకచేత సాగును. ఎక్కువ బరువు మోయు ముందు త్రాళ్లు వెనుకవానికంటె ఎక్కువగా సాగును. అప్పుడు పటము సరిగా ఎగురక వెనుకకు జాఱును. చేతికఱ్ఱ మాట వినదు. ఒక్క త్రాడు తెగినచో పటము అదుపు తప్పి సుడులు తిరుగును. నడుముపట్టా కుట్లు ఉప్పునీటిచేత కుళ్లును, కొక్కెము త్రుప్పుపట్టును. ఇవి చాలవన్నట్లు, ఒక కంపెనీ పటమునకు మఱొక కంపెనీ చేతికఱ్ఱను జతచేసి అమ్ముట కలదు. ఒకదానికొకటి పొందుపడనిచో, రెండును మంచివే యైనను విమోచన సాధనము పనిచేయకపోవచ్చును.

ప్రమాదములన్నియు నీటిలోనే జరుగునని తలంపరాదు. పటమును లేపునపుడును, దింపునపుడును క్రీడాకారుడు గట్టినేలపై నిలిచియుండును. అప్పుడు హఠాత్తుగా లాగినచో, వెనుకనున్న పడవలు, సరుగుడు చెట్లు, గోడలు, విద్యుత్తు తీగెలు అతనికి మృత్యుద్వారములగును. నీరు కొంత మన్నించును గాని గోడ మన్నింపదు.

ఎవరు కొనుచున్నారు?

ఇందలి విషాదము మఱొకటి కలదు. అనుభవము గలవాడు పాత పటమును చూచినంతనే దాని దోషము గ్రహించి ప్రక్కకు పెట్టును. వాడు విడిచినది ఎవరికి చేరును? ఈ విద్యలో అప్పుడే అడుగుపెట్టినవానికి. వానికి డబ్బు తక్కువ. దోషమును గుర్తించు కన్ను లేదు. అపాయము వచ్చినపుడు చేయవలసినది చేతికి అలవడలేదు. అందఱికంటె ఎక్కువ రక్షణ కావలసినవాని చేతికే అందఱికంటె తక్కువ రక్షణ గల వస్తువు చేరుచున్నది. “కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ” అను సామెత ఇచట సరిపోవును. పటము కొన్నందుకు అపాయము కొసరుగా వచ్చినది.

తల్లిదండ్రులు అడుగవలసినవి

కుమారుడు గాని, కుమార్తె గాని పాత సామగ్రి కొందునన్నచో, మొదట వలదని కసరుట వలన ప్రయోజనము లేదు. చాటుగా కొనుట అంతకంటె అపాయకరము. నెమ్మదిగా ఈ ప్రశ్నలు అడుగుడు.

ఒకటి: ఇది ఏ సంవత్సరమున తయారైనది? అమ్మువాడు చెప్పలేకున్నచో, లేదా అది 2005 ప్రాంతమునకు పూర్వపుదైనచో, అక్కడితో బేరము విడువవలెను.

రెండు: చేతికఱ్ఱ, విమోచన సాధనము, పటము ఒకదానికొకటి తగినవేనా? కేవలము పటము పాతదై, మిగిలినవి బాగుండుట కలదు. విమోచన సాధనమును మాత్రము వీలైనంతవఱకు క్రొత్తదిగా, తాజా ప్రమాణమునకు అనుగుణముగా కొనుట మేలు.

మూడు: బరువు వ్రేలాడుచుండగా విమోచన సాధనము విడివడినదా? ఒకసారి కాదు, పదిసార్లు పరీక్షింపవలెను. ఇది నేలమీద, పటము లేకుండ చేయదగిన పరీక్ష.

నాలుగు: గాలి నింపి ఒక రాత్రి ఉంచినచో గొట్టములు తెల్లవారువఱకు గట్టిగా నున్నవా? త్రాళ్లన్నియు సమానమైన పొడవు గలవేనా? గుడ్డ పెళుసుబాఱినదా?

ఐదు: దీనిని శిక్షకునకు చూపితివా? అమ్మువాని మాట సాక్ష్యము కాదు.

వీనికంటె మంచి మార్గమొకటి కలదు. మొదట శిక్షణశాలలో, వారి సామగ్రితోనే నేర్చుకొననిండు. పటము లేపుట, దింపుట, లాగుడును చంపుట చేతికి వచ్చిన పిదప, ఏది కొనవలెనో వారికే తెలియును. శిరస్త్రాణము, తేలియాడు చొక్కా, చిక్కుపడిన త్రాటిని కోయు చిన్న కత్తి, ఈ మూడింటిని వాడిన సరకుగా కొనకుడు.

ఇంటిలో ఇప్పటికే కాలము తీఱిన పటము పడియున్నచో, దానిని చౌకగా మఱొకరి పిల్లవానికి అమ్మకుడు, ఊరకయు ఈయకుడు. గుడ్డను కత్తిరించి సంచులు కుట్టించుడు. నీటికి తడియని ఆ గుడ్డ పుస్తకముల సంచికి చక్కగా పనికివచ్చును. ఆ విధముగా మన పొదుపును నిలుచును, ఎవరి బిడ్డకును హాని కలుగదు.