పాప వెన్ను వంగింది, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు. వెన్ను పక్కకు వంగింది, ఎక్స్‌రేలో 28 డిగ్రీలు. ఒక డాక్టరు బెల్టు అన్నారు, ఇంకొకరు ఆపరేషన్ అన్నారు. ఇది ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా?
– ఒక తల్లి, మర్రిగూడ

జవాబు: ఫ్లోరైడ్ నీళ్లతో ఏళ్ల తరబడి బాధపడ్డ మర్రిగూడలోని తల్లికి మొదట ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజమేనమ్మా. కానీ ఫ్లోరైడ్ వెన్నును ఏళ్ల తరబడి బిగుసుకుపోయేలా చేస్తుంది. ఎదిగే వయసులో వెన్ను ఇలా పక్కకు మెలితిరగడానికి చాలామందిలో కారణం దొరకదు. బడి సంచి బరువూ కాదు, మీ పెంపకమూ కాదు.

28 డిగ్రీలకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. 45, 50 దాటితేనే ఆ ఆలోచన. పాప ఇంకా ఎదుగుతోంది కాబట్టి ఇప్పుడు కావలసింది బెల్టే. మందుల షాపులో దొరికే గుడ్డ బెల్టు కాదు, ఒంటి కొలతతో చేసే గట్టి ప్లాస్టిక్ బ్రేస్.

2013లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం మందికి ఎదుగుదల ముగిసేదాకా వంపు 50 డిగ్రీలకు చేరలేదు. వేసుకోనివారిలో అది 48 శాతమే. రోజుకు 13 గంటలకు పైబడి వేసుకున్నవారికి ఫలితం ఇంకా బాగుంది. బ్రేస్ వంపును పెరగకుండా ఆపుతుంది, పూర్తిగా సరిచేయదు. పాప బడిలో సిగ్గుపడి తీసేయవచ్చు, టీచరుతో ముందే మాట్లాడండి. వ్యాయామం మంచిదే, బ్రేస్‌కు బదులు కాదు. మాలిష్‌లతో కాలం పోగొట్టుకోకండి.

ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీయించండి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ఆగకుండా హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్దాసుపత్రిలో వెన్నెముక నిపుణులకు చూపించండి.