రెండో సీటులో ఉన్నా పోటీ మీదే

రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి ప్రాజెక్టులో ఎక్కువగా దక్కేది షాడో పాత్రే. సీనియర్ పక్కన కూర్చుని చూడాలి, క్లయింట్ కాల్‌లో మ్యూట్‌లో ఉండాలి, కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) సెషన్లు వినాలి. ‘ఇంకా నాకు పనేమీ ఇవ్వలేదన్నా’ అన్న మాట పీజీ హాస్టళ్లలో రాత్రి భోజనాల దగ్గర తరచూ వినిపిస్తుంది. ఆ నెలలు ఖాళీగా గడిచిపోతే నష్టం మీదే. ఇంకొకరు నడిపే పడవలో కూర్చుని కూడా సొంతంగా గెలవడం ఎలాగో నేర్పే ఆట ఒకటి అమెరికాలో ఉంది. అది పట్టిన చేపల బరువును బట్టి గెలుపు తేలే బాస్ చేపల వేట పోటీ. అందులో కో-యాంగ్లర్ అనే పోటీదారు ఆడే తీరు మన ఐటీ కారిడార్‌లోని ఫ్రెషర్లు శ్రద్ధగా తెలుసుకోదగ్గది.

బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పొంచి ఉండి ఎర మీదికి ఒక్కసారిగా దూకే స్వభావంలో మన కొరమీనుకు దగ్గరగా ఉంటుంది. 1967 జూన్‌లో రే స్కాట్ అనే అలబామా ఇన్సూరెన్స్ ఏజెంటు ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో ఒక పోటీ పెట్టాడు. 13 రాష్ట్రాల నుంచి 106 మంది, తలా 100 డాలర్లు కట్టి వచ్చారు. మరుసటి ఏడాది అతను స్థాపించిన బీఏఎస్ఎస్ సంస్థే ఈ ఆటను వృత్తి స్థాయికి తీసుకెళ్లింది. 1971లో లేక్ మీడ్‌లో ఆ సంస్థ తొలిసారి జరిపిన క్లాసిక్ పోటీ విజేతకు 10,000 డాలర్లు దక్కాయి. పట్టిన చేపల్ని తూకం తర్వాత ప్రాణాలతో నీళ్లలోకి వదిలే అలవాటును 1972 నుంచి ఆ సంస్థే ప్రచారం చేసింది.

వెనక డెక్ మీద

చాలా పోటీల్లో పడవ ఉన్నవాళ్లు బోటర్లుగా, లేనివాళ్లు కో-యాంగ్లర్లుగా పేరు నమోదు చేసుకుంటారు. మేజర్ లీగ్ ఫిషింగ్ వారు వారాంతాల్లో నడిపే ఫీనిక్స్ బాస్ ఫిషింగ్ లీగ్ ఇందుకు మంచి ఉదాహరణ. కో-యాంగ్లర్ కట్టే రుసుము బోటర్ కట్టేదాంట్లో సుమారు సగం. ఎవరు ఎవరి పడవ ఎక్కాలో లాటరీ తేలుస్తుంది. పడవ ఎటు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఉండాలి అన్నది పూర్తిగా బోటర్ చేతిలో ఉంటుంది. కో-యాంగ్లర్ వెనక డెక్ మీదే నిలబడాలి, పడవను మెల్లగా కదిలించేందుకు ముందున్న ట్రోలింగ్ మోటారు ముట్టుకోకూడదు. అయితే అతనికి వేరే విభాగం, వేరే తూకం, వేరే బహుమతులు ఉంటాయి. బోటర్ వట్టి చేతులతో తిరిగొచ్చినా, అదే పడవలోని కో-యాంగ్లర్ తన విభాగంలో మొదటి స్థానం తెచ్చుకోవచ్చు.

అదెలా సాధ్యమో కాస్త దగ్గరగా చూడండి. ఒడ్డున నీళ్లలోకి ఒరిగిన చెట్టు ఒకటుంది. ముందు నిలబడ్డ బోటర్ వేగంగా కదిలే ఎరను కొమ్మల మధ్యకు విసిరి, నాలుగైదుసార్లు లాగి, పడవను ముందుకు నడిపిస్తాడు. చెట్టు వెనక డెక్ ఎదురుగా వచ్చేసరికి అక్కడి చేపలు ఆ ఎరను అప్పటికే చూసేశాయి. అదే ఎర అదే చోట మళ్లీ వేస్తే ఫలితం అరుదు. అనుభవం ఉన్న కో-యాంగ్లర్ సన్నటి దారానికి చిన్న ప్లాస్టిక్ పురుగు కడతాడు. బోటర్ వదిలేసిన లోతు వైపు దాన్ని జారవిడిచి, అడుక్కి చేరేదాకా ఆగుతాడు. గాలం కర్ర కొసను చాలా మెల్లగా కదిలిస్తాడు. వేగంగా పోయిన ఎరను వదిలేసిన చేప, నోటి ముందు మెల్లగా కదిలేదాన్ని పట్టుకుంటుంది. నీళ్లు అవే, చోటు అదే. మారినవి వేగం, లోతు, కోణం మాత్రమే.

అందుకే అతని సన్నాహం బోటర్ సన్నాహం కంటే భిన్నంగా ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలన్నది తన చేతిలో ఉండదు కాబట్టి లోతు నీళ్లకూ ఒడ్డుకూ సరిపడేలా నాలుగైదు కర్రలు, ఒకే సంచి సర్దుకుంటాడు. జత తేలిన రాత్రే బోటర్‌కి ఫోన్ చేసి ఏ తరహా నీళ్లలోకి వెళ్తున్నారో అడుగుతాడు. పెట్రోలు ఖర్చులో తన వాటా ఇస్తాడు. లైఫ్ జాకెట్ తెచ్చుకుంటాడు. బోటర్ దారానికి అడ్డంగా విసరడు.

మన ప్రాజెక్టుల్లో

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ కారిడార్‌లో పని నేర్చుకునే ప్రధాన మార్గం సీనియర్ పక్కన కూర్చోవడమే. మొదట షాడో, తర్వాత మీరు చేస్తుంటే సీనియర్ చూసే రివర్స్ షాడో, ఆ తర్వాత సొంత బాధ్యత. ఈ క్రమాన్ని చాలామంది ఫ్రెషర్లు మొదటి మెట్టు దగ్గరే పాడుచేసుకుంటున్నారన్నది నా అభిప్రాయం. వాళ్లు సీనియర్ చేసేదే, సీనియర్ చేసినట్టే చేయాలని చూస్తారు. ఆ దారిలో వెళ్తే మీరు ఆయన కంటే నెమ్మది, కాబట్టి ఎవరి కంటా పడరు.

కో-యాంగ్లర్‌లా, సీనియర్ దాటిపోయిన చోట వెతకండి. ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయి ఆయన సరిచేస్తున్నారనుకుందాం. ముందు ఏ లాగ్ తెరిచారు, అందులో ఏ పదం వెతికారు, ఏ సర్వర్‌ని అనుమానించి ఎందుకు పక్కన పెట్టారు అన్నది వరసగా రాసుకోండి. సాయంత్రానికి దాన్ని ఒక పేజీ రన్‌బుక్‌గా చేసి, ‘సర్, నాకు అర్థమైనంత రాశాను. తప్పులుంటే చెప్తారా?’ అని పంపండి. పని ఒత్తిడిలో ఉన్న ఏ సీనియరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. ఎవరూ రాయని టెస్ట్ కేసులు, నెలల తరబడి మూలపడిన తక్కువ ప్రాధాన్య టికెట్లు, పాతబడిన డాక్యుమెంటేషన్ కూడా ఇలాంటివే. వాటి మీద మీ పేరు పడుతుంది. అప్రైజల్ ఫారంలో చూపించడానికి మీదంటూ ఒక తూకం ఉంటుంది. ఇంకోమాట, మీరు నేర్చుకున్నది తిరిగి వివరించే రివర్స్ కేటీ ఎప్పుడో మీరే తేదీ అడగండి. అడక్కపోతే అది వాయిదా పడుతూనే ఉంటుంది.

ఇంకా ఉద్యోగం రానివాళ్లకూ ఇలాంటి రెండో సీట్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకం కింద గ్రాడ్యుయేట్లు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌లుగా చేరవచ్చు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మెంటార్ పర్యవేక్షణలో అసలైన ఓపెన్‌సోర్స్ కోడ్ రాయవచ్చు. 2022 నుంచి దానికి విద్యార్థులే కానక్కర్లేదు. ఇంకా విద్యార్థులే అయితే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఉంది. దానికి ఆరుగురి జట్టు కావాలి, అందులో కనీసం ఒకరు అమ్మాయి ఉండాలి. కోడింగ్‌లో వెనకబడి ఉన్నా డేటా సేకరణ, టెస్టింగ్, ప్రెజెంటేషన్ బాధ్యత తీసుకుని అందులో చేరవచ్చు. రాయదుర్గంలోని టీ-హబ్‌లో పనిచేసే స్టార్టప్‌లకు నేరుగా ఇంటర్న్‌షిప్ కోసం రాయండి. చిన్న జట్టులో వెనక సీటు కూడా పనికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఆగి ఆలోచించాల్సిన విషయాలు రెండున్నాయి. మొదటిది రహస్యం. బోటర్ చూపించిన చోటుకి మర్నాడు వేరేవాళ్లను తీసుకెళ్లడాన్ని చేపల వేట పోటీల్లో నమ్మకద్రోహంగా చూస్తారు. క్లయింట్ కోడ్, స్క్రీన్‌షాట్లు, పాస్‌వర్డ్‌ల విషయంలో మన పరిస్థితీ అదే. ఆఫీసు కోడ్‌ని సొంత గిట్‌హబ్‌లో పెట్టుకుని పోర్ట్‌ఫోలియోగా చూపించే పొరపాటు ఎప్పుడూ చేయకండి.

రెండోది మోసం. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఎరీ సరస్సు ఒడ్డున జరిగిన వాల్‌ఐ చేపల పోటీలో ఇద్దరు తమ చేపల పొట్టల్లో సీసపు గుండ్లు కుక్కి బరువు పెంచారు. నిర్వాహకుడు అనుమానించి అందరి ముందూ చేపను కోయడంతో గుట్టు బయటపడింది. కోర్టులో నేరం ఒప్పుకున్నాక 2023లో పది రోజుల జైలు శిక్ష పడింది. పడవ పోయింది, చేపల వేట లైసెన్సులు సస్పెండ్ అయ్యాయి. ఇలాంటి అడ్డదారులు మన దగ్గరా ఉన్నాయి. డబ్బు కట్టించుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, ప్రాక్సీ ఇంటర్వ్యూలు, బ్యాక్‌డోర్ జాబ్‌లు ఇప్పిస్తామనే వాళ్లు మన అమీర్‌పేట, మాదాపూర్ చుట్టుపక్కల తగులుతూనే ఉంటారు. ఫేక్ లెటర్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఆ ఉద్యోగం పోవడంతో పాటు తర్వాతి ఉద్యోగం కూడా కష్టమవుతుంది. అప్పుచేసి ఇచ్చిన తల్లిదండ్రుల డబ్బు తిరిగిరాదు. దయచేసి ఆ గడప తొక్కకండి.

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లేవాళ్లకు ఒక చిన్న సూచన. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఫిషింగ్ క్లబ్బులుంటాయి. బాస్‌మాస్టర్ కాలేజ్ సిరీస్‌లో ఇద్దరేసి విద్యార్థులు ఒక జట్టుగా ఆడతారు. స్థానికులతో స్నేహం, భాష, ధైర్యం పెరగడానికి ఇది మంచి దారి. అయితే గాలం వేసే ముందు ఆ రాష్ట్రపు ఫిషింగ్ లైసెన్స్ తీసుకోండి. బహుమతి డబ్బు వచ్చే పోటీ అయితే వీసా, పన్ను నిబంధనల గురించి యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ముందే అడగండి.

చివరగా, ఈ పోటీల్లో సమయపాలన ఎంత కఠినమో చెప్పాలి. బీఏఎస్ఎస్ పోటీల్లో నిర్ణీత సమయానికి తిరిగి రాకపోతే నిమిషానికి ఒక పౌండు చొప్పున కోత, 15 నిమిషాలు దాటితే ఆ రోజు పట్టిన చేపల బరువు మొత్తం లెక్కలోకి రాదు. మీ స్టాండప్ మీటింగ్‌కి అంత శిక్ష లేదు, అయినా ఐదు నిమిషాలు ముందే చేరండి. రేపు ఆ మీటింగ్‌లో మూలపడి ఉన్న టికెట్ ఒకటి చూపించి, ‘ఇది నేను తీసుకుంటాను’ అని మీ లీడ్‌ని అడగండి.