కాశీకి వెళ్తున్న మనవరాలికి

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు స్నేహితురాళ్ళతో కాశీ బయల్దేరుతున్నావని విన్నప్పటినుంచి మీ అమ్మమ్మ జంతికల డబ్బా నింపే పనిలో పడింది, నేనేమో ఈ ఉత్తరం పనిలో పడ్డాను. నీకు తెలివి లేదని కాదు తల్లీ, నీ మనసు తెలిసి రాస్తున్నాను. చిన్నప్పుడు కోటప్పకొండ తిరనాళ్ళలో, బూరలమ్మే ముసలాయన దగ్గర ఎవరూ కొనడం లేదని గుప్పిట్లో ఉన్న డబ్బులన్నీ ఆయనకిచ్చేసి, రంగులరాట్నం ఎక్కకుండానే నా భుజమ్మీద నిద్రపోయిన పిల్లవి నువ్వు. ఆ గుణం ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా. కాని యాత్రాస్థలాల్లో మోసం చేసేవాళ్ళు ముందుగా వెతికేది అలాంటి మెత్తని మనసునే.

స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్ళు చుట్టుముడతారు. మీరు గది తీసుకున్న హోటల్ మూసేశారనో, అటువైపు దారి లేదనో చెప్పి, తమకు కమీషనిచ్చే చోటికి తిప్పేవాళ్ళూ వాళ్ళలో ఉంటారు. ఆ మాట వినగానే హోటల్‌కి నువ్వే ఫోన్ చేసి కనుక్కో. విశ్వనాథుడి గుడి దగ్గర పొడుగాటి క్యూ చూసి నీరసపడితే, తొందరగా లోపలికి పంపిస్తానంటూ ఎవరో ఒకరు పక్కన చేరతారు. త్వరగా దర్శనమయ్యే సుగమ్ దర్శన్ టికెట్టు ఆలయం వాళ్ళే ఇస్తారు. వాళ్ళ సొంత వెబ్‌సైటులోనో కౌంటర్లోనో తీసుకుని రసీదు దగ్గర పెట్టుకో. ఫోన్లు లోపలికి రానివ్వరు కనక గదిలోనే వదిలి వెళ్ళండి. ఊరికే దాచిపెడతామన్న కొట్లో తీరా చూస్తే పూలూ ప్రసాదమూ వాళ్ళు చెప్పిన ధరకి కొనాల్సి రావచ్చు.

నాకు ఎక్కువ దిగులు శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ గురించే. అక్కడ ఫోటోలు తియ్యకు, అది ఎవరింటి దుఃఖమో. పక్కనే నిలబడి కట్టెల బరువూ ఖర్చూ వివరించి, దిక్కులేని ముసలివాళ్ళ దహనానికి కట్టెలు కొనిపెట్టమని అడిగేవాళ్ళు వస్తారు. అది వింటే నీ చెయ్యి పర్సులోకి పోతుందని నాకు తెలుసు. ఒక దణ్ణం పెట్టి కదిలిపో తల్లీ. ఇవ్వాలనిపిస్తే, మన తెలుగువాళ్ళు ఎందరో దిగే ఆంధ్రాశ్రమం మానసరోవర్ ఘాట్ దగ్గరే ఉంది, అక్కడ అన్నదానానికి ఇచ్చి రసీదు తీసుకో.

దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి మెట్లమీద కూచుని ఉచితంగానే చూడొచ్చు. పడవ ఎక్కాలనుకుంటే మనిషికెంతో, పడవ మొత్తానికెంతో, ఎంతసేపో ఎక్కకముందే తేల్చుకో. మా నాన్నగారు నన్ను కాశీ తీసుకెళ్ళినప్పుడు అలాగే గట్టిగా బేరమాడి ఎక్కారు, దిగేటప్పుడు మాత్రం ఆ తెడ్డు వేసినతని అరచేతులు చూసి ఒప్పుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చారు. బేరమూ దయా ఒక్క మనిషిలోనే ఎలా ఇముడుతాయో నేను ఆయన్ని చూసే నేర్చుకున్నాను, నువ్వూ అలాగే ఉండాలని నా ఆశ.

అమ్మమ్మకి చీర కొనాలని నీకుందని తెలుసు. ఆటోవాడు చూపించిన షాపులో కొనకు, అతని కమీషన్ కూడా ఆ ధరలోనే ఉంటుంది. మరమగ్గం చీరని చేనేత అని అంటగడతారు. చీర తిరగేసి చూడు, చేనేతదైతే అంచు వెంట సన్నటి సూది గుర్తులు కనిపిస్తాయి. పట్టుకి సిల్క్ మార్క్ ఉందో లేదో చూడు, బిల్లు అడుగు.

1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకీ నీళ్ళెక్కడ, వసతెక్కడ అని రాసిపెట్టారు. ఇప్పుడు దారంతా ఫోన్లోనే ఉంది, మనుషుల్ని పోల్చుకోవడం మాత్రం ఎవరికి వాళ్ళే నేర్చుకోవాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో: నిన్ను వెతుక్కుంటూ వచ్చి సాయం చేస్తానన్నవాణ్ణి ఒకటికి రెండుసార్లు చూడు, నువ్వే వెళ్ళి దారి అడిగితే, కొట్టు వదిలి సందు చివరిదాకా వచ్చి చూపించే మనుషులూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. నలుగురు మాయగాళ్ళని చూసి ఊరందరినీ అనుమానించకు, వాళ్ళ కోసం నీ చెయ్యి ముడుచుకోకు.

గది చేరగానే అమ్మమ్మకి ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

ప్రేమతో,
తాతయ్య