డ్రోన్ వీడియో వణుకుతోందా?

ప్రశ్న: కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని డ్రోన్‌తో తీశాను. కెమెరాకు ఫిల్టర్ తగిలించాక వీడియో ఓ పక్కకు ఒరిగి వణికింది. కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ పాడైందా?
– ఓ పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు ఫిల్టర్ బరువుతో కెమెరా తూకం తప్పిందేమో చూడండి. కెమెరా విడిగా బిగించే గింబల్ అయితే బ్యాటరీ, కార్డు, ఫిల్టర్ అన్నీ పెట్టాకే, పవర్ ఆపి సరిచేయాలి. చేత్తో ఎటు వంచి వదిలినా కెమెరా అక్కడే నిలవాలి. లేకపోతే గింబల్ మోటార్లు వేడెక్కుతాయి. కెమెరా డ్రోన్‌తోపాటే వచ్చినదైతే ఆ మోడల్‌కు చేసిన తేలికపాటి ఫిల్టరే వాడి, చదునైన చోట క్యాలిబ్రేషన్ చేయండి. అయినా వణికితే గింబల్‌ను పట్టి ఉంచే రబ్బరు బుడిపెలు చిట్లాయేమో, రెక్కల అంచులు విరిగాయేమో చూడండి. అంతర్వేది లాంటి సముద్ర తీరంలో ఎగరేస్తే, ఆ తర్వాత ఉప్పు తేమ తుడిచి, ఆరాకే పెట్టెలో పెట్టండి. ప్రయాణంలో గింబల్ కవర్ తప్పనిసరి. స్విచ్ వేసేముందు దాన్ని తీయండి. తీర్థంలో జనం నెత్తిమీద మాత్రం ఎగరేయకండి.