రాబడి సరే, పడితే తట్టుకోగలమా?

ప్రశ్న: గత ఐదేళ్ల రాబడులు తీసుకుని ఎక్సెల్‌లో పోర్ట్‌ఫోలియో ఆప్టిమైజేషన్ చేశాను. 70 శాతం బంగారంలో, మిగతాది ఒక స్మాల్‌క్యాప్ ఫండ్‌లో పెట్టమని వచ్చింది. నమ్మొచ్చా?
- ఎంబీఏ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వద్దు. లెక్క సరిగ్గానే చేసి ఉంటారు, చిక్కంతా దానికిచ్చిన అంకెల్లో ఉంది. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ ఈ పద్ధతి చెప్పినప్పుడు అడిగింది రాబోయే కాలం మీద మన అంచనాలు. మీరు వాటి స్థానంలో గడిచిన ఐదేళ్ల రాబడులు పెట్టారు. ఆ ఐదేళ్లలో ఏది బాగా పెరిగితే ఆప్టిమైజర్ దాని మీదే డబ్బంతా గుమ్మరిస్తుంది. ఇదే బంగారం 2012 నుంచి 2018 దాకా పది గ్రాములు 30 వేల రూపాయలకు అటూ ఇటూనే తిరిగింది. ఆ ఏళ్ల అంకెలు వేసి చూడండి, బంగారం వాటా ఏమవుతుందో మీకే తెలుస్తుంది. ఇంకో పరీక్ష కూడా చేయండి. బంగారం రాబడి అంచనాను రెండు శాతం తగ్గించి ఎక్సెల్‌లోని సాల్వర్‌ను మళ్లీ నడపండి. వాటాలు తారుమారైతే ఆ జవాబును నమ్మి డబ్బు పెట్టకూడదు.

అలాగని పద్ధతినే పక్కన పడేయకండి. ఇందులో అసలు విలువంతా కోరిలేషన్‌లో, అంటే రెండు పెట్టుబడులు ఎంతమేరకు కలిసి లేస్తాయి, కలిసి పడతాయి అన్న దాంట్లో ఉంది. రెండు పెట్టుబడులకూ సగటు రాబడి 12 శాతం, ఒడిదొడుకులు 20 శాతం అనుకుందాం. రెండూ ఒకేలా కదిలితే, చెరిసగం పెట్టినా ఒడిదొడుకులు 20 శాతమే. ఒకదానితో ఒకటికి పొంతన లేకుండా కదిలితే 14 శాతానికి దిగుతాయి. రాబడి మాత్రం 12 దగ్గరే ఉంటుంది! రాబడిని వదులుకోకుండా రిస్కు తగ్గించుకునే ఇలాంటి అవకాశం మదుపులో చాలా అరుదు. అందుకే ఏ ఒక్కదానికీ 40 శాతం మించకుండా హద్దు పెట్టి, రాబడి అంచనాలు బాగా తగ్గించి మళ్లీ లెక్క వేయండి. 1990లో నోబెల్ అందుకున్న మార్కోవిట్జే ఈ లెక్క వేయకుండా తన రిటైర్మెంట్ సొమ్మును షేర్లలో సగం, బాండ్లలో సగం పెట్టుకున్నానని చెప్పారు.

ప్రశ్న: నాకు ఐదు లార్జ్‌క్యాప్ ఫండ్లున్నాయి. రిస్కు తగ్గినట్టేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పెద్దగా తగ్గలేదు. ఐదింటి ఫ్యాక్ట్‌షీట్లూ పక్కపక్కన పెట్టి మొదటి పది షేర్లు చూడండి. చాలావరకు అవే బ్యాంకులు, అవే కంపెనీలు కనిపిస్తాయి. ఒకటి ఉంచుకుంటే చాలు.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొదుపులో సగం మా కంపెనీ ఇచ్చిన షేర్లే. నాలుగేళ్లలో రెట్టింపయ్యాయి, అమ్మబుద్ధి కావడం లేదు. దగ్గర్లోనే లోన్ మీద కొన్న ఫ్లాట్ అద్దెకిచ్చాను.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ జీతం, షేర్లు, అద్దె మూడూ ఒకే కొమ్మకు వేలాడుతున్నాయి. ఐటీకి గడ్డుకాలం వస్తే మూడింటికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. 2009 జనవరి 7న ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడినప్పుడు, అంతకుముందు రోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి పడిపోయింది. అందులోనే పనిచేస్తూ ఆ షేర్లే దాచుకున్నవాళ్లకు పొదుపు పోయిన రోజే ఉద్యోగమూ ప్రశ్నార్థకమైంది. మీ కంపెనీలో మోసం జరుగుతుందని నా ఉద్దేశం కాదు. ఒక పెద్ద క్లయింటు తప్పుకున్నా చాలు. ఇప్పుడు అంత డబ్బు మీ చేతికొస్తే మీ కంపెనీ షేర్లే కొంటారా? కొననంటే వాటిని ఉంచుకోవడానికీ కారణం లేదు. ఏడాదిలో విడతలుగా అమ్మి వాటాను పది శాతానికి తీసుకురండి. ఇకపై కంపెనీ ఇచ్చే షేర్లను (ఆర్‌ఎస్‌యూలను) చేతికందిన రోజే అమ్మేయండి. వాటి విలువపై జీతంతో పాటే పన్ను పడిపోతుంది కాబట్టి, అప్పటికప్పుడు అమ్మితే అదనంగా పన్ను దాదాపు ఉండదు.

ప్రశ్న: 62 ఏళ్ల రిటైర్డ్ టీచర్ని. 40 లక్షలు చేతికొచ్చాయి. పెన్షన్ కాక నెలకు ఇంకో పది వేలు కావాలి. మొత్తం ఈక్విటీ ఫండ్లలో పెట్టి నెలనెలా తీసుకోమంటున్నాడు మా అబ్బాయి.
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మొత్తం వద్దమ్మా. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ 2009 మార్చికి ఎనిమిది వేల చిల్లరకు పడింది. అంటే 60 శాతం నష్టం. మళ్లీ మొదటి చోటికి రావాలంటే 150 శాతం పెరగాలి. ఈలోగా నెలనెలా యూనిట్లు అమ్ముకుంటే, మార్కెట్ కోలుకునేసరికి పెరగడానికి మీ దగ్గర మిగిలేవి తక్కువ.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేయండి. ఇప్పుడున్న 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి, మీకు నెలకు కావలసిన పది వేల అవసరం అక్కడే తీరిపోతుంది. మరో 15 లక్షలు ఎఫ్‌డీల్లో ఉంచండి. డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి నాలుగు బ్యాంకుల్లో సర్దండి. ఆస్పత్రి ఖర్చులు ఇందులోంచే. అయితే ధరలు పెరుగుతూనే ఉంటాయి, వడ్డీ మీద పన్నూ ఉంది. అందుకని మిగిలిన 10 లక్షలు ఏడాదిన్నరలో కొంచెం కొంచెంగా ఒక ఇండెక్స్ ఫండ్‌లో వేసి, పదేళ్లు కదపకండి. ఆ మేరకు మీ అబ్బాయి మాట నిజమే. అన్ని ఖాతాల్లోనూ నామినీ పేరు రాయించడం మరవకండి.