కరెంటు పోయిన రాత్రి ఆదుకునేది నోటు పుస్తకమే
రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లు, జనరేటర్ల సంరక్షణ

రాత్రి రెండున్నర. మబ్బు పట్టి ఉంది. ఆకు కదలడం లేదు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. గుంటలో తిరుగుతున్న ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కాపలా మనిషి టార్చిలైటు పట్టుకుని జనరేటరు షెడ్డుకు పరుగెత్తాడు. తాళం తిప్పితే 'టక్' మన్న చప్పుడే తప్ప ఇంజను కదల్లేదు. "అన్నా, సెల్ఫ్ ఎత్తుకోవడంలా" అని రైతుకు ఫోను చేశాడు. రైతు నిద్ర లేచి, మెకానిక్కును లేపి, బండి మీద గట్టుకు చేరేసరికి నాలుగు దాటింది. అప్పటికే రొయ్యలు నీటిపైకి వచ్చి అంచుల వెంట తచ్చాడుతున్నాయి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో గుంట ఉన్న ఏ రైతుకైనా రాగల రాత్రి ఇది. ఇందులో కరెంటును తిట్టి లాభం లేదు. కరెంటు పోతుందని అందరికీ తెలుసు, అందుకే గదా జనరేటరు కొన్నది! పంటను దెబ్బతీసింది రెండు నెలలుగా ఎవరూ మూత తీసి చూడని బ్యాటరీ.

పాత లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు

టైగర్ రొయ్య రోజుల్లో పిల్లను పలచగా వదిలేవారు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి తీరమంతా దెబ్బతింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు తీరు మారింది. వనామీని చదరపు మీటరుకు 60 పిల్లల వరకు వదులుకోవచ్చని నిబంధన ఉంది. పిల్ల చిక్కబడేకొద్దీ గుంట తనంతట తాను ఊపిరి పీల్చుకోలేదు. యంత్రమే దానికి ఊపిరి పోయాలి.

నీటిలో ప్రాణవాయువు 4 పీపీఎంకు తగ్గకుండా చూసుకోవాలి. 3 కన్నా దిగితే రొయ్య మేత మానేసి నీరసిస్తుంది. ఇంకా దిగితే చావే. పగలు ఎండకు నీటిలోని పచ్చనాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు తిరిగి వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఆరు వరకు గుంటకు గండం. రొయ్య బరువు ఎక్కువగా ఉన్న గుంటలో ఆ వేళ యంత్రాలు ఆగితే గంట, రెండు గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది.

లెక్క చూడండి. ఒక హార్స్‌పవరుకు సుమారు 500 కిలోల రొయ్య అని అనుభవంలో ఉన్న కొలత. ఐదు టన్నుల పట్టుబడి ఆశించే గుంటకు 10 హెచ్‌పీ, అంటే 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఐదు కావాలి. అందులో రెండు మూలపడితే మిగిలిన మూడు మోసేది మూడు టన్నులనే. తక్కిన రెండు టన్నుల రొయ్య గాలిలో దీపం.

ఒక పంటలో 72 వేల కిలోమీటర్లు

ఏరియేటరు రోజుకు సగటున 15 గంటలు తిరిగితే 120 రోజుల పంటలో 1,800 గంటలు అవుతుంది. అదే గంటలు మీ మోటారు సైకిలు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 72 వేల కిలోమీటర్లు తిరిగినట్టు. బండికి రెండు, మూడు వేల కిలోమీటర్లకే ఇంజను ఆయిలు మార్చే రైతు, ఏరియేటరు గేరు పెట్టె మూత పంట మొత్తంలో ఒక్కసారైనా తీస్తున్నాడా?

పైగా ఇది ఉప్పునీటిలో, ఉప్పుగాలిలో తిరిగే యంత్రం. ఉప్పు తడి తగిలిన ఇనుము మంచినీటి దగ్గర కన్నా చాలా త్వరగా తుప్పు పడుతుంది. బోల్టు తల, మోటారు ఫ్యాను, వైరు జాయింటు ఏదీ దీనికి మినహాయింపు కాదు.

ఏరియేటరు దగ్గర చూడాల్సినవి

గేరు పెట్టె: మోటారు నిమిషానికి 1,400కు పైగా చుట్లు తిరిగితే తెడ్డు చక్రం సుమారు 100 చుట్లు తిరుగుతుంది. ఆ వేగాన్ని తగ్గించే బరువంతా గేర్ల మీదే పడుతుంది. కొత్త పెట్టెలో గేర్లు ఒకదానికొకటి ఒరుసుకుని ఇనుప పొడి రాలుతుంది కాబట్టి మొదటిసారి ఆయిలు త్వరగా మార్చాలి. తర్వాత కంపెనీ కాగితంలో రాసిన గంటల ప్రకారం మార్చాలి. నెలకోసారి కొంచెం ఆయిలు తీసి చూడండి. పాల మాదిరి తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఆయిలు ఒక్కటే మారిస్తే చాలదు, ఆయిలు సీలు కూడా మార్చాలి.

మోటారు: మీ దగ్గర ఒక క్లాంప్ మీటరు ఉండాలి. మూడు ఫేజుల 2 హెచ్‌పీ మోటారు సుమారు మూడున్నర ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. సరైన అంకె మోటారు రేకు మీదే ఉంటుంది. వారానికోసారి మూడు వైర్లలోనూ కొలవాలి. పోయిన వారం 3.2 ఉన్నది ఈ వారం 3.8 అయితే బేరింగు బిగుస్తోందని గానీ, తెడ్లకు నాచు, తాళ్లు చుట్టుకున్నాయని గానీ అనుమానించాలి. మామూలు కన్నా బాగా తగ్గితే తెడ్డు విరిగిందేమో చూడాలి. మోటారు చప్పుడు చేయకముందే ఆంపియరు చెబుతుంది.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగిలిన రెండింటి మీద ఈడ్చి కాలిపోతుంది. స్టార్టరుకు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు తప్పక ఉండాలి. ఉన్నదాన్ని 'మాటిమాటికీ ట్రిప్పవుతోంది' అని తీసేసి డైరెక్టు చేయకూడదు. అది ట్రిప్పయ్యేది మిమ్మల్ని విసిగించడానికి కాదు, మోటారును కాపాడటానికి.

జనరేటరు నాలుగు మాటలు

బ్యాటరీ: 12 వోల్టుల బ్యాటరీ పూర్తి ఛార్జీలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.4 కన్నా తగ్గితే ఛార్జి పెట్టాలి. డిస్టిల్డ్ వాటరు పదిహేను రోజులకోసారి చూడాలి. టెర్మినళ్ల మీద పూసే తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. పైన చెప్పిన రాత్రి 'టక్' మన్నది ఈ పొడి వల్లే కావచ్చు.

డీజిలు: డ్రమ్ము అడుగున నీరు చేరుతుంది. అడుగంటా తోడి పోయకూడదు. ఫిల్టరు కింది నీటిని వారానికోసారి వదలాలి.

ఆయిలు: చాలా ఇంజన్లకు 250 గంటలకు ఆయిలు, ఫిల్టరు మార్చాలని ఉంటుంది. మీ సెట్టు పుస్తకం చూసుకోండి. గంటల మీటరు పని చేయకపోతే ముందు దాన్ని బాగుచేయించండి.

పరీక్ష: వారానికోసారి అరగంట తిప్పాలి. ఖాళీగా కాదు, ఏరియేటర్లు వేసి తిప్పాలి. ఖాళీగా తిరిగే ఇంజను సరిగా వేడెక్కక లోపల మసి పడుతుంది. పైగా లోడు మోస్తుందో లేదో మనకు తెలియదు. ఏరియేటర్లను ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేయాలి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఐదూ ఒకేసారి వేస్తే ఎంత మంచి సెట్టయినా కూలబడుతుంది.

పుస్తకం లేని సంరక్షణ లేదు

1970 ప్రాంతంలో జపాన్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే నిప్పన్‌డెన్సో కర్మాగారంలో ఒక పద్ధతి పెట్టారు. యంత్రాన్ని నడిపే మనిషే దాన్ని తుడవాలి, బోల్టులు చూడాలి, నూనె పోయాలి, తేడా వస్తే చెప్పాలి. పెద్ద పనులకే మెకానిక్కు. మన గుంటకూ ఇదే సరిపోతుంది. రాత్రింబవళ్లు యంత్రం పక్కన ఉండేది కాపలా మనిషి. దాని చప్పుడు మారితే ముందు తెలిసేది అతనికే. మేత లెక్క నేర్పినట్టే ఈ పనీ అతనికి నేర్పండి.

ప్రతి ఏరియేటరు ఫ్లోటు మీద పెయింటుతో నంబరు వేయండి. ఒక లాంగ్ నోటు పుస్తకంలో నంబరుకొక పేజీ ఇవ్వండి. తేదీ, తిరిగిన గంటలు, ఆంపియర్లు, ఆయిలు మార్చిన రోజు, వేసిన సామాను. ఇంతే. రోజుకు పది నిమిషాల పని. రెండు పంటలు రాస్తే ఏ బేరింగు ఎన్ని గంటలకు పోతోందో మీకే తెలుస్తుంది. అప్పుడు అది పోకముందే, పగటిపూట, మీకు వీలున్న రోజున మార్చుకోవచ్చు.

షెడ్డులో ఒక పెట్టె కూడా ఉండాలి: ఆయిలు సీళ్లు, బేరింగులు (నంబరు పాత దాని మీదే ఉంటుంది), ఫ్యాను బెల్టు, డీజిలు ఫిల్టరు, ఫ్యూజులు, పానాల సెట్టు. గుంటలు ఎక్కువుంటే సిద్ధంగా ఒక మోటారు. రాత్రి మూడింటికి నెల్లూరులో ఏ షాపూ తెరిచి ఉండదు.

ప్రాణం ముందు, పంట తర్వాత

యంత్రం ఆగిందన్న ఆత్రంలో స్విచ్చి తీయకుండా నీటిలో దిగవద్దు. ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది. అతుకుల వైరు నీటిలో పడి ఉంటే ఒక్క అడుగు చాలు. మెయిన్ తీసి, ఫ్యూజు జేబులో వేసుకుని దిగండి. ప్రతి మోటారుకు ఎర్తు, బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ పెట్టించండి. దాని టెస్టు బటను నెలకోసారి నొక్కి చూడండి. ఒంటరిగా ఎవరినీ దింపవద్దు.

వానలకు ముందే సిద్ధం

మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం పక్కగా పోయి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. అలాంటి రోజుల్లో ఎండ ఉండదు, కరెంటు ఉండదు, దారి కూడా ఉండదు. పైగా వాననీరు తేలికై పైన, ఉప్పునీరు బరువై అడుగున నిలుస్తాయి. వాటిని కలిపేదీ ఏరియేటరే. యంత్రం అవసరం ఎక్కువయ్యే రోజే అది ఆగే ప్రమాదమూ ఎక్కువ. కాబట్టి సెప్టెంబరులోనే జనరేటరు సర్వీసు చేయించి, మూడు రోజులకు సరిపడా డీజిలు ఎత్తయిన చోట పెట్టుకోవాలి.

ఎంత జాగ్రత్త పడ్డా ఏదో ఒక రాత్రి యంత్రం మొండికేయవచ్చు. అప్పుడు వెంటనే మేత ఆపండి. మేత తిన్న రొయ్యకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. ఆక్సిజన్ గుళికలు కొంతసేపే ఆదుకుంటాయి, యంత్రానికి బదులు కావు.

పట్టుబడి అయిపోయాక ఏరియేటర్లను గట్టు మీద ఎండకు వదిలేయడం పరిపాటి. అలా చేయకుండా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, పాత ఆయిలు తీసి కొత్తది పోసి, నీడన పెట్టండి. వారానికోసారి చేత్తో చక్రం తిప్పితే బేరింగు పట్టేయదు.

ఈ సాయంత్రం గుంటకు వెళ్లినప్పుడు మేత ట్రే చూడకముందు జనరేటరు తాళం ఒకసారి తిప్పి చూడండి. అది ఎత్తుకుంటే ఆ తేదీ పుస్తకంలో రాయండి. ఎత్తుకోకపోతే, పగలే తెలిసినందుకు సంతోషించండి.