స్థావర జంగమ వివేకము : హుస్సేన్‌సాగరు తీరమున ఒక పాఠము

స్థావరమనగా ఒకచోట నిలిచియుండునది. జంగమమనగా చలించునది. వీరశైవమున ఈ రెండు పదములకు విశేషార్థము కలదు. దేశసంచారము చేయుచు ధర్మమును బోధించు గురుమూర్తి జంగముడు. ఇంకను విస్తృతార్థమున, ఆచరణ రూపమున నడచు శివచైతన్యమే జంగమము. బసవేశ్వరుని వచనములలో మిక్కిలి ప్రసిద్ధమైన యొకటి, ధనవంతుడు కట్టించు శివాలయమును భక్తుని దేహమను ఆలయముతో పోల్చి ఈ భేదమునే నిరూపించుచున్నది. ఈ బోధను కన్నులారా చూచి గ్రహింపదలచినవారికి హైదరాబాదు నగరమున హుస్సేన్‌సాగరు తీరము చక్కని పాఠశాల.

పదునారవ శతాబ్దమున కుతుబ్‌షాహీల కాలమున త్రవ్వబడిన ఈ చెరువు గట్టే నేటి ట్యాంకుబండు. 1980వ దశకమున నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము దీనిపై 33 విగ్రహములను వరుసగా నిలిపెను. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల, వేమన, రుద్రమదేవి, గురజాడ, మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి మున్నగువారు అందు కలరు. తరువాత బసవేశ్వరుని విగ్రహమును ఈ గట్టుపై వెలసినది. బసవ జయంతినాడు అచ్చట పుష్పమాలలు సమర్పించుట ఆచారమైనది. ఈ సాగర సమీపముననే 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల డాక్టర్ అంబేద్కర్ విగ్రహము ఆవిష్కృతమయ్యెను.

ఇక సాగర మధ్యమున నిలిచిన బుద్ధ విగ్రహము కథ వినదగినది. భువనగిరి సమీపమునందలి రాయగిరి వద్ద ఏకశిలను ఎన్నుకొని, గణపతి స్థపతి ఆధ్వర్యమున శిల్పులు దానిని మలచిరి. దాని యెత్తు సుమారు 58 అడుగులు. బరువు మూడువందల టన్నులకు మించినది. 1990 మార్చి 10న దానిని నీటిపై తరలించుచుండగా బల్లకట్టు ఒరిగి విగ్రహము సాగరగర్భమున పడెను. ఆ ప్రమాదమున కొందరు పనివారు ప్రాణములు కోల్పోయిరి. రెండు సంవత్సరములకు పైగా నీట మునిగియున్న ఆ శిలను వెలికిదీసి 1992 డిసెంబరు 1న పీఠముపై నిలిపిరి. నేడు దానిని దర్శించువారికి శిల కనబడును. ఆ శిలతో పాటు నీట మునిగిన కాయకజీవులు కనబడరు. శరణ ధర్మము నెఱిగినవాడు ముందుగా స్మరింపవలసినది వారినే.

అదే మార్చి 10వ తేదీన, 2011 సంవత్సరమున, ప్రత్యేక తెలంగాణ ఉద్యమ కాలమున జరిగిన మిలియన్ మార్చ్ సందర్భమున ట్యాంకుబండుపై నున్న పలు విగ్రహములు ధ్వంసమయ్యెను. కొన్ని సాగరమున పడవేయబడెను. తమ ప్రాంతపు మహనీయులకు తగిన స్థానము లభింపలేదన్న ఆవేదన ఆ యాగ్రహమునకు ఒక కారణము. పిదప ఆ విగ్రహములను మరల నిర్మించిరి. ఇచ్చట తీర్పు చెప్పుట ఈ పాఠమునకు ప్రయోజనము కాదు. గ్రహింపవలసిన దొక్కటే. విగ్రహము కూలిన దినమున కవి కావ్యము కూలలేదు. విగ్రహము తిరిగి లేచిన దినమున ఆ కావ్యమునకు కొత్తగా ఒక పాఠకుడైనను కలుగునన్న నియమము లేదు.

అట్లయిన విగ్రహములు నిష్ప్రయోజనములా? కావు. తండ్రి చేయి పట్టుకొని గట్టుపై నడచు బాలుడు “ఈయన యెవరు?” అని అడుగును. ఆ ప్రశ్న పుట్టించుటయే విగ్రహము చేయు మేలు. సమాధానము చెప్పుట తండ్రి పని. తండ్రికే తెలియనిచో ఆ ప్రశ్న అచ్చటనే ఆగిపోవును. స్థావరము స్థావరముగనే మిగిలిపోవును.

బసవన్న నామము ఎనిమిది శతాబ్దములకు పైగా నిలిచిన విధమును పరిశీలించిన ఈ విషయము స్పష్టమగును. పాల్కురికి సోమనాథుడు జనులు పాడుకొనదగిన ద్విపదలో బసవపురాణమును తెలుగున రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు కొనిపోయెను. కల్యాణ విప్లవము తరువాత చెల్లాచెదరైన శరణుల వచనములు తాళపత్రములపై భక్తుల యిండ్లలోను మఠములలోను బ్రతికెను. విజాపురమునందలి న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి ఆ తాళపత్రములను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించెను. నోటినుండి నోటికి, చేతినుండి చేతికి నడచినది కావుననే ఆ వాణి జంగమమయ్యెను.

అయితే చదువుట, పాడుట మాత్రమే చాలునా? బసవన్న బోధకు కఠినమైన పరీక్ష కల్యాణమున ఒక వివాహ రూపమున వచ్చెను. చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకు పెండ్లి జరిగెను. లింగధారణ చేసినవారికి పూర్వకులము లేదన్న మాటను ఆ యిద్దరు తండ్రులు తమ బిడ్డల విషయమున నిజము చేసిరి. అందుకై బిజ్జలుడు వారికి మరణదండన విధించెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. వారు ప్రాణము లిచ్చి నిలిపిన మాట అది.

ఇప్పుడు ఈ పరీక్షను నేటి గృహములకు అన్వయింపవలెను. జయంతినాడు గుఱ్ఱముపై నున్న బసవన్నకు మాల వేసి వచ్చిన భక్తుడు, మఱునాడు తన కుమార్తెకు సంబంధము వచ్చినపుడు “వారు మనలో ఏ శాఖవారు?” అని మొదట అడిగినచో, ఆ మాల శిలకు చేరినదే గాని బసవన్నకు చేరలేదు. తన వీధిని ఊడ్చు వానికి వేరు గ్లాసున నీరిచ్చు వాడు బసవ విగ్రహమునకు చందా యెంత యిచ్చినను అది దాసోహము కాదు. ఈ మాట కటువుగా తోచవచ్చును. కాని హరళయ్య, మధువరసులు చెల్లించిన మూల్యము ముందు ఇది మిక్కిలి తేలిక.

కావున రాబోవు జయంతికి శరణ కుటుంబములు మూడు కార్యములను తలపెట్టవచ్చును. మొదటిది: మాలకు ముందు విగ్రహపు ధూళిని తామే కడుగుట, అది కాయకము. రెండవది: అచ్చటనే పిల్లలకు ఒక శరణుని చరిత్ర చెప్పుట, అది జ్ఞానదాసోహము. మూడవది: ఇంటికి వచ్చు పనివారిని ఆ దినమున తమ పంక్తిలోనే కూర్చుండబెట్టి భోజనము పెట్టుట, ఆ పంక్తిని మఱునాడును మార్చకుండుట. ఈ మూడింటిలో మూడవదే కష్టము. బసవన్న కోరినదియు అదియే.

మననమునకు ప్రశ్నలు :
1. స్థావర జంగమములకు భేదమేమి?
2. సోమనాథుడు, హళకట్టి బసవవాణిని ఎట్లు జంగమము గావించిరి?
3. హరళయ్య, మధువరసుల నిర్ణయము నేటి గృహస్థునకు ఏమి బోధించుచున్నది?

శరణు శరణార్థి.